మోర్మన్ పవిత్ర గ్రంథాలు: విశ్వాసం, ఆధారాల వివాదం

మోర్మన్ పవిత్ర గ్రంథాల ప్రామాణికతపై వివాదం 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మొదలై ఇప్పటికీ సాగుతోంది. జోసెఫ్ స్మిత్ (1805–1844) వెలువరించిన గ్రంథాలు ప్రాచీన రచనలకు దైవసహాయంతో చేసిన అనువాదాలా, లేక పందొమ్మిదో శతాబ్దంలో పుట్టిన రచనలా అన్నది ఇందులో అసలు ప్రశ్న. విశ్వాసులు ప్రార్థన ద్వారా లోపల కలిగే సాక్ష్యాన్ని ప్రధాన ప్రమాణంగా తీసుకుంటారు. విమర్శకులు పురావస్తువులు, భాష, జన్యుశాస్త్రం, పాత పత్రాలు చెప్పేదాన్ని తీసుకుంటారు. మధ్యలో నిలబడి రెండింటినీ తూచిన పండితులు కూడా ఉన్నారు. వారిలో చాలామంది ఆ సంఘ సభ్యులే.

గ్రంథాలు, వాటి పుట్టుక

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘానికి వాడుకలో మోర్మన్ సంఘమని పేరు. బైబిలుతో పాటు మరో మూడు గ్రంథాలను అది పవిత్రమైనవిగా ఎంచుతుంది. అవి మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము. రెండోది ఎక్కువగా స్మిత్ తనకు కలిగాయని చెప్పిన దైవవాక్కుల సంకలనం. ప్రాచీన చరిత్ర గురించి అది చెప్పేది తక్కువ కాబట్టి దాని మీద ఇలాంటి వివాదమూ తక్కువే. చర్చంతా మోర్మన్ గ్రంథము చుట్టూ, అమూల్యమైన ముత్యములో భాగమైన అబ్రాహాము గ్రంథం చుట్టూ తిరుగుతుంది.

స్మిత్ చెప్పిన ప్రకారం 1823 సెప్టెంబరులో మొరోనై అనే దేవదూత కనిపించి, ఇంటికి దగ్గరలోని కుమోరా గుట్టలో బంగారు రేకులు పాతిపెట్టి ఉన్నాయని తెలిపాడు. 1827లో అవి స్మిత్ చేతికి వచ్చాయి. వాటి మీద ఉన్నది సంస్కరించిన ఐగుప్తు లిపి అని చెప్పాడు. స్మిత్ చదివి చెబుతుంటే లేఖకులు రాసుకున్నారు. ఇప్పుడున్న పాఠంలో అధికభాగం 1829 ఏప్రిల్–జూన్ నెలల మధ్య తయారైంది. పాల్మైరా ఊళ్లోని గ్రాండిన్ ముద్రణాలయం 1830 మార్చిలో 5,000 ప్రతులు అచ్చువేసింది. అందుకైన 3,000 డాలర్లకు మార్టిన్ హారిస్ అనే రైతు తన పొలాన్ని తాకట్టు పెట్టాడు. అదే ఏడాది ఏప్రిల్ 6న సంఘం ఏర్పడింది. రేకులను దేవదూత తిరిగి తీసుకుపోయాడని స్మిత్ చెప్పాడు.

గ్రంథంలోని కథ క్రీ.పూ. 600 ప్రాంతంలో మొదలవుతుంది. లీహై అనే ప్రవక్త యెరూషలేము నాశనానికి ముందే కుటుంబంతో బయలుదేరి, అరేబియా ఎడారి దాటి, ఓడ కట్టుకుని అమెరికా ఖండం చేరతాడు. అతని సంతతి నీఫైయులు, లేమనీయులు అనే రెండు జాతులుగా చీలుతుంది. పునరుత్థానం తరువాత క్రీస్తు వారికి దర్శనమిస్తాడు. క్రీ.శ. 421 నాటికి నీఫైయులు యుద్ధాల్లో నశించగా, వారిలో చివరివాడైన మొరోనై రేకులను పాతిపెడతాడు.

విశ్వాసం పెట్టే పరీక్ష

ఈ గ్రంథం తనను పరీక్షించే పద్ధతిని తానే చెబుతుంది. చివరి భాగంలో మొరోనై పాఠకుడిని చదవమని, ఆలోచించమని, నిజమో కాదో దేవుణ్ణే అడగమని కోరతాడు. పరిశుద్ధాత్మ జవాబిస్తుందని మాట ఇస్తాడు. అందులోనే భాగమైన ఆల్మా గ్రంథంలో వాక్యాన్ని విత్తనంతో పోల్చిన ఒక బోధ ఉంది: నాటి చూడు, మొలకెత్తితే మంచి విత్తనమని తెలుస్తుంది. మోర్మన్ మిషనరీలు కొత్తవారికి మొదట చెప్పేది ఈ పరీక్ష గురించే.

మన తర్కశాస్త్రం పరిభాషలో ఇది ప్రత్యక్షానుభవాన్ని ప్రమాణంగా నిలిపి, దాని బలంతో శబ్ద ప్రమాణాన్ని అంగీకరించడం. విమర్శకుల అభ్యంతరం కూడా ఇక్కడే మొదలవుతుంది. ఇలాంటి గట్టి అనుభూతులు ఒకదానితో ఒకటి పొసగని మతాల వారందరికీ కలుగుతాయి కాబట్టి, ఒక నిర్దిష్ట చారిత్రక సంఘటన జరిగిందని అవి నిరూపించలేవని వారంటారు. ఆధ్యాత్మిక సత్యానికి చరిత్ర సాక్ష్యాలు తోడు మాత్రమేనని, పునాది కావని విశ్వాసుల జవాబు. సంఘ అగ్రనాయకుల్లో ఒకరైన డాలిన్ ఓక్స్ 1993లో, లౌకిక ఆధారాలు ఈ గ్రంథాన్ని రుజువు చేయలేవు, కొట్టివేయనూ లేవన్న వాదన వినిపించాడు.

అయితే సంఘం చెప్పేది ఆధ్యాత్మిక సత్యంతో ఆగదు. నిజమైన మనుషులు నిజమైన నేల మీద ఓడ దిగారని కూడా చెబుతుంది. ఆ మాట అన్నాక నేలను తవ్వి చూసే హక్కు ఎవరికైనా వస్తుంది. రెండు శతాబ్దాల వివాదానికి మూలం ఇదే.

సాక్షులు

రేకులను స్మిత్ బహిరంగంగా చూపలేదు. వాటికి బదులు గ్రంథంలో పదకొండు మంది సాక్షుల ప్రకటనలు అచ్చయ్యాయి. ఆలివర్ కౌడరీ, డేవిడ్ విట్మర్, మార్టిన్ హారిస్ దేవదూతనూ రేకులనూ చూశామన్నారు. మరో ఎనిమిది మంది రేకులను చేత్తో పట్టుకుని చూశామన్నారు. మొదటి ముగ్గురూ 1838 నాటికి స్మిత్‌తో విభేదించి సంఘానికి దూరమయ్యారు. కౌడరీ, హారిస్ తరువాత తిరిగి వచ్చారు, విట్మర్ రాలేదు. ముగ్గురిలో ఎవరూ తమ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోలేదు. పోట్లాడి బయటికి పోయినవారు కూడా మాట మార్చకపోవడం విశ్వాసుల వాదనల్లో బలమైనది. వారు చూసింది మామూలు కళ్లతోనా, ఆత్మనేత్రంతోనా అన్నది విమర్శకుల ఎదురు ప్రశ్న. హారిస్ చెప్పాడంటూ వచ్చిన కొన్ని మాటలు ఆ అనుమానానికి బలమిచ్చాయి.

హారిస్ జీవితంలోని మరో సంఘటనను ఇరుపక్షాలూ వాడుకుంటాయి. 1828లో అతడు రేకుల మీది అక్షరాల నకలును పట్టుకుని న్యూయార్క్‌లోని కొలంబియా కళాశాల పండితుడు చార్లెస్ ఆంథన్ దగ్గరికి వెళ్లాడు. ఆంథన్ అక్షరాలు నిజమైనవని ఒప్పుకున్నాడని హారిస్ చెప్పాడు. అది మోసమని తాను హెచ్చరించానని ఆంథన్ తరువాత ఉత్తరాల్లో రాశాడు. ఆనాటికి ఐగుప్తు లిపిని షాంపోలియన్ ఛేదించి ఆరేళ్లే అయింది. దాన్ని చదవగల వాళ్లు అమెరికాలో లేరనే చెప్పాలి.

నేల చెప్పే సాక్ష్యం

మోర్మన్ గ్రంథంలో గుర్రాలు, రథాలు, పశువులు, గోధుమ, బార్లీ, ఉక్కు, పట్టు ప్రస్తావనకు వస్తాయి. అమెరికా ఖండంలో గుర్రాలు దాదాపు పదివేల ఏళ్ల కిందట అంతరించాయి. వాటిని తిరిగి తెచ్చింది స్పెయిన్ దేశస్థులు. మెసోఅమెరికాలో లోహపని క్రీ.శ. 7వ శతాబ్దం ప్రాంతంలో మొదలైంది, అదీ ఎక్కువగా రాగితో. ఇనుము కరిగించిన కొలిమి జాడ అక్కడ దొరకలేదు. హీబ్రూ లేదా ఐగుప్తు లిపిలో రాసిన ప్రాచీన శాసనం ఏదీ అమెరికాలో నిపుణుల పరీక్షకు నిలబడలేదు.

సమర్థకులు రెండు దారుల్లో జవాబిస్తారు. ఒకటి, తెలియని జంతువుకు తెలిసిన పేరు పెట్టడం అన్ని జాతుల్లోనూ ఉంది కాబట్టి గుర్రమన్న మాట మరో జంతువుకు చెల్లవచ్చు. రెండు, కథ జరిగిన ప్రాంతం చిన్నది. గ్రంథంలో చెప్పిన ప్రయాణ దూరాలను లెక్కగట్టి, కథ ఖండమంతా కాక దక్షిణ మెక్సికో, గ్వాటెమాల ప్రాంతంలోనే జరిగిందని జాన్ సోరెన్సన్ 1985లో వాదించాడు. అమెరికా ఎడారి ప్రాంతాల్లో కొలంబస్ రాకకు ముందే ఒక జాతి బార్లీ సాగైనట్టు తేలడం కూడా సమర్థకులకు ఊతమైంది. అయితే అది పాత ప్రపంచపు బార్లీ కాదు, స్థానిక జాతి.

అరేబియాలో మాత్రం వారికి కాస్త గట్టి ఆధారం దొరికింది. లీహై బృందంలో ఒకరిని పాతిపెట్టిన చోటును గ్రంథం నాహోమ్ అంటుంది. యెమెన్‌లోని మారిబ్ దగ్గర ఆలయంలో తవ్విన బలిపీఠాల మీద న-హ-మ అనే హల్లులున్న తెగ పేరు కనిపించింది. ఆ పీఠాలు క్రీ.పూ. 7–6 శతాబ్దాలవి, అంటే కథాకాలానికి సరిపోయేవి. ఆ పేరు పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ పటాల్లోనే ఉందని, మూడు హల్లుల పోలిక యాదృచ్ఛికం కావచ్చని విమర్శకులంటారు. స్మిత్ అలాంటి పటం చూశాడనడానికి రుజువేదని సమర్థకులు తిరిగి అడుగుతారు.

ఈ వెతుకులాటలో థామస్ స్టూవర్ట్ ఫెర్గుసన్ జీవితం ఒక ఉదాహరణ. వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఆయన, గ్రంథాన్ని పురావస్తువులతో రుజువు చేయవచ్చన్న నమ్మకంతో 1952లో న్యూ వరల్డ్ ఆర్కియలాజికల్ ఫౌండేషన్ స్థాపించాడు. ఆ సంస్థ మెక్సికోలోని చియాపాస్‌లో చేసిన తవ్వకాలకు మాయా పూర్వ చరిత్ర పరిశోధనలో మంచి పేరుంది. ఆయన వెతికింది మాత్రం దొరకలేదు. చివరి దశాబ్దంలో రాసిన ఉత్తరాల్లో ఆయన తన నమ్మకం సడలిందని చెప్పుకున్నాడు. ఆయన స్థాపించిన సంస్థ తవ్వకాలు కొనసాగించింది.

పాఠంలోని జాడలు

మోర్మన్ గ్రంథంలో యెషయా అధ్యాయాలు చాలా ఉన్నాయి. వాటి వాక్యాలు 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలుకు చాలా దగ్గరగా నడుస్తాయి. యెషయా 40వ అధ్యాయం నుంచి ఉన్న భాగం బబులోను చెర కాలంలో, అంటే లీహై యెరూషలేము వదిలిన తరువాత, కూర్చబడిందని ఎక్కువమంది బైబిలు పండితుల అభిప్రాయం. అలాంటప్పుడు 48 నుంచి 53 వరకు ఉన్న అధ్యాయాల భాగాలు లీహై తెచ్చిన రేకుల్లోకి ఎలా వచ్చాయన్నది జవాబు కష్టమైన ప్రశ్న. యెషయా మొత్తం ఒక్కడి రచనే అనేవారు, అనువాదంలో తెలిసిన పాఠాన్ని వాడుకున్నాడనేవారు సమర్థకుల్లో ఉన్నారు.

స్మిత్ చుట్టూ ఉన్న వాతావరణాన్ని చూపిన మొదటి విమర్శకుడు అలెగ్జాండర్ కాంప్‌బెల్. ఆనాటి అమెరికా ప్రొటెస్టెంట్ వాదాలన్నింటికీ ఈ గ్రంథంలో జవాబులున్నాయని ఆయన 1831లోనే ఎత్తిచూపాడు. అమెరికా ఆదివాసులు ఇశ్రాయేలు సంతతివారన్న ఊహ ఆ రోజుల్లో బాగా ప్రచారంలో ఉండేది. ఈథన్ స్మిత్ అనే పాస్టరు 1823లో ఆ విషయం మీదే ఒక పుస్తకం ప్రచురించాడు. రెండు పుస్తకాల పోలికలను అందరికంటే నిశితంగా పరిశీలించింది సంఘ నాయకుడైన బి. హెచ్. రాబర్ట్స్. 1920ల్లో ఆయన రాసిపెట్టిన పరిశీలన ఆయన మరణించిన చాలా ఏళ్లకు, 1985లో అచ్చయింది. గ్రంథం సాలమన్ స్పాల్డింగ్ అనే రచయిత నవల నుంచి దొంగిలించిందన్న పాత ఆరోపణ మాత్రం వీగిపోయింది. 1884లో హోనొలులులో దొరికిన అతని రాతప్రతికి మోర్మన్ గ్రంథంతో పెద్దగా సంబంధం లేదు. ఆధారం విమర్శకుల వాదనను కూడా పడగొట్టగలదని ఇక్కడ తేలింది.

సమర్థకుల చేతిలో ఉన్న పాఠ్య ఆధారం కూడా చెప్పుకోదగిందే. 1967లో జర్మనీలో మిషనరీగా ఉన్న జాన్ వెల్చ్, మొదట చెప్పిన భావాలు చివర తలకిందుల వరుసలో తిరిగివచ్చే హీబ్రూ కూర్పును మోర్మన్ గ్రంథంలో గుర్తించాడు. ఆల్మా 36వ అధ్యాయాన్ని దానికి మేలైన ఉదాహరణగా చూపుతారు. అంతంత మాత్రం చదువుకున్న యువకుడు సుమారు మూడు నెలల్లో, నోటితో చెబుతూ, ఇంత పెద్ద పుస్తకాన్ని కూర్చగలడా అన్నది వారి ప్రశ్న. బైబిలులో మునిగితేలిన కథకుడికి అది అసాధ్యం కాదని విమర్శకుల జవాబు.

జన్యు పరీక్షలు

1981 ముద్రణకు చేర్చిన పీఠిక లేమనీయులను అమెరికా ఆదివాసుల ప్రధాన పూర్వీకులుగా పేర్కొంది. జన్యు పరిశోధనలు ఆదివాసుల పూర్వీకులు ఈశాన్య ఆసియా నుంచి వచ్చారని చూపాయి. మానవశాస్త్రవేత్త థామస్ మర్ఫీ 2002లో, జీవశాస్త్రవేత్త సైమన్ సదర్టన్ 2004లో ఈ వైరుధ్యాన్ని ప్రజల ముందు పెట్టారు. 2006లో డబుల్‌డే సంస్థ వేసిన ముద్రణలో పీఠిక మారింది. ప్రధాన పూర్వీకులన్న మాట పోయి, పూర్వీకుల్లో కొందరన్న మాట వచ్చింది. లీహై బృందం చిన్నదని, పెద్ద జనాభాలో కలిసిపోయిన కొద్దిమంది జాడ తరతరాలకు చెరిగిపోవచ్చని సంఘం 2014 నాటి వ్యాసంలో వాదించింది. శాస్త్రపరంగా ఆ మాట సాధ్యమే. అయితే గ్రంథాన్ని తరతరాలుగా చదివినవారు అర్థం చేసుకున్న విస్తృత చరిత్ర దీనితో కుంచించుకుపోయింది.

అబ్రాహాము గ్రంథం: మూలం దొరికినప్పుడు

రేకులు లేవు గనుక మోర్మన్ గ్రంథం విషయంలో మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి చూసే వీలు లేదు. అబ్రాహాము గ్రంథం విషయంలో ఆ వీలు దొరికింది. అందుకే వివాదంలో దాని బరువు ఎక్కువ.

1835లో మైఖేల్ చాండ్లర్ అనే ప్రదర్శకుడు నాలుగు ఐగుప్తు మమ్మీలతో, కొన్ని పాపిరస్ చుట్టలతో ఒహాయోలోని కర్ట్‌లాండ్ వచ్చాడు. అంతా కలిపి 2,400 డాలర్లకు అమ్మాడు. చుట్టల్లో ఒకటి అబ్రాహాము రచన అని స్మిత్ ప్రకటించాడు. దాని అనువాదంగా చెప్పిన పాఠం, మూడు బొమ్మల నకళ్లు, వాటికి స్మిత్ వివరణలు 1842లో నావూలోని సంఘ పత్రికలో అచ్చయ్యాయి. 1880లో అది అధికారికంగా పవిత్ర గ్రంథమైంది.

ఫ్రెంచి పండితుడు తియోదూల్ దెవేరియా 1860 ప్రాంతంలోనే ఆ బొమ్మలు మామూలు అంత్యక్రియల చిత్రాలని తేల్చాడు. 1912లో యూటా బిషప్ ఫ్రాంక్లిన్ స్పాల్డింగ్ వాటిని ఫ్లిండర్స్ పెట్రీ, జేమ్స్ బ్రెస్టెడ్ వంటి నిపుణులకు పంపగా వారిదీ అదే మాట. మూల పాపిరస్‌లు 1871 షికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయాయని అప్పటికి అందరూ అనుకునేవారు. 1966లో యూటా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అజీజ్ అతియా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కొన్ని ముక్కలను గుర్తుపట్టాడు. మ్యూజియం 1967 నవంబరులో వాటిని సంఘానికి అప్పగించింది. మరుసటి ఏడాదే జాన్ విల్సన్, రిచర్డ్ పార్కర్, క్లాస్ బేర్ డైలాగ్ పత్రికలో తమ పరిశీలనలు ప్రచురించారు.

మొదటి బొమ్మ ఉన్న పాపిరస్ హోర్ అనే థీబ్స్ పూజారి కోసం రాసిన శ్వాస గ్రంథం. చనిపోయినవాడికి పరలోకంలో తోడుండే పత్రం అది. అబ్రాహాముది అనుకునే కాలానికి అది వెయ్యేళ్లకు పైగా తరువాతిది. అబ్రాహామును బలి ఇవ్వబోతున్న పూజారిగా స్మిత్ వివరించిన ఆకారం, నిపుణుల ప్రకారం నక్కతల దేవుడు అనూబిస్. అసలు పాపిరస్‌లో ఆ తల ఉన్న చోటు చిరిగిపోయింది. మూడో బొమ్మలో ఫరోగా, రాకుమారుడిగా స్మిత్ గుర్తించిన ఆకారాలు ఐసిస్, మాత్ అనే దేవతలు.

2014 జూలైలో ప్రచురించిన వ్యాసంలో సంఘమే, ఈ ముక్కల మీది రాతకు అబ్రాహాము గ్రంథపు పాఠంతో పొంతన లేదని మోర్మన్ పండితులు, ఇతరులు కూడా అంగీకరిస్తున్నట్టు రాసింది. జవాబుగా రెండు వాదాలున్నాయి. ఒకటి, అబ్రాహాము పాఠం చుట్టలో పోయిన భాగంలో ఉండేది. చుట్ట ఎంత పొడవుండేదో లెక్కగట్టడంలో జాన్ గీకి, ఆండ్రూ కుక్, క్రిస్టఫర్ స్మిత్‌లకు మధ్య వాదం నడిచింది. రెండోది, పాపిరస్ ఒక ప్రేరణ మాత్రమే, పాఠం దర్శనంగా వచ్చింది. స్మిత్ లేఖకుల ప్రతుల్లో ఇంగ్లీషు పేరాల పక్కనే మిగిలిన ముక్కలోని ఐగుప్తు అక్షరాలు వరుసగా ఉండటం మొదటి వాదానికి అడ్డు. రెండో వాదంలో అనువాదమన్న మాటకు అర్థమే మారిపోతుంది. అబ్రాహాము తండ్రి విగ్రహారాధన గురించి ఇతర ప్రాచీన కథల్లో ఉన్న పోలికలు, ఒలీషెమ్ అన్న స్థలనామానికి అక్కాదు శాసనంలో ఉన్న పోలిక సమర్థకులు చూపే అనుకూల ఆధారాలు.

నకిలీలు నేర్పిన పాఠం

1843లో ఇల్లినాయ్‌లోని కిండర్‌హుక్‌లో గంట ఆకారపు ఆరు ఇత్తడి రేకులు బయటపడ్డాయి. స్మిత్ వాటిలో కొంత చదివాడని అతని గుమస్తా దినచర్యలో ఉంది. అవి ఎగతాళికి చేసినవని వాటిని పుట్టించిన వారిలో ఒకడు 1879లో ఒప్పుకున్నాడు. మిగిలిన ఒక్క రేకును 1980లో పరీక్షించగా అది పందొమ్మిదో శతాబ్దపు పనే అని తేలింది.

ఆ తరువాతి నకిలీలు ప్రాణాలు తీశాయి. మార్క్ హాఫ్‌మన్ 1980ల్లో మోర్మన్ చరిత్రకు చెందినవంటూ దొంగ పత్రాలు సృష్టించి సంఘానికీ సేకర్తలకూ అమ్మాడు. వాటిలో ఒకటి హారిస్ రాసినట్టున్న ఉత్తరం. అందులో దేవదూత స్థానంలో తెల్లని సాలమాండర్ కనిపిస్తుంది. గుట్టు బయటపడుతుందని 1985 అక్టోబరులో బాంబులు పెట్టి ఇద్దరిని చంపాడు. ఆ ఉత్తరం నిజమైతే సంతోషించాల్సిన విమర్శకుడు జెరాల్డ్ టానర్. దాన్ని ముందుగా అనుమానించినవారిలో ఆయన ఒకడు. తనకు నచ్చే ఆధారాన్ని కూడా అనుమానించగలగడమే పరిశోధకుడికి పరీక్ష.

సంఘం వైఖరిలో మార్పు

ఫాన్ బ్రోడీ 1945లో స్మిత్ జీవితచరిత్ర రాసినందుకు మరుసటి ఏడాది బహిష్కరణకు గురైంది. 1993 సెప్టెంబరులో ఆరుగురు రచయితలు, పండితుల మీద చర్యలు పడ్డాయి. ఇంటర్నెట్ వచ్చాక పాత పత్రాలు ఎవరికైనా దొరకసాగాయి. 2008 నుంచి 2023 వరకు సంఘమే జోసెఫ్ స్మిత్ పేపర్స్ సంపుటాలను వెలువరించింది. 2013–2015 మధ్య చిక్కు ప్రశ్నల మీద అధికారిక వ్యాసాలు పెట్టింది. స్మిత్ రాయిని టోపీలో పెట్టి చూస్తూ పాఠం చెప్పేవాడన్న సంగతి విమర్శకుల నోటనే ఎక్కువగా వినిపించేది. 2015 ఆగస్టులో ఆ దీర్ఘదర్శి రాయి ఫోటోలను సంఘమే ప్రచురించింది.

స్మిత్ వారసత్వంలోని మరో శాఖ, మిస్సోరీలో కేంద్రమున్న కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్, వేరే దారి పట్టింది. మోర్మన్ గ్రంథాన్ని పవిత్రంగా చదువుతూనే దాన్ని చరిత్రగా నమ్మి తీరాలని ఆ శాఖ పట్టుబట్టదు. అబ్రాహాము గ్రంథానికి అక్కడ పవిత్ర గ్రంథ స్థానం లేదు.

తెలుగువారిలో

ఈ సంఘానికి ప్రపంచవ్యాప్తంగా 1.7 కోట్లకు పైగా సభ్యులున్నారు. భారతదేశంలో దాని మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, 2012లో హైదరాబాదులో ఏర్పడింది. మోర్మన్ గ్రంథము తెలుగు అనువాదంలో దొరుకుతుంది. దాని మీద నడిచిన విమర్శ, సమర్థన మాత్రం దాదాపుగా ఇంగ్లీషులోనే ఉన్నాయి.

మూల్యాంకనం

రెండు శతాబ్దాల చర్చ తరువాత కొన్ని సంగతులు స్థిరపడ్డాయి. చేతిలో ఉన్న పాపిరస్‌లు అబ్రాహాము గ్రంథానికి మూలపాఠం కావు. ఇది ఇరుపక్షాల పండితులూ ఒప్పుకున్న విషయం. మోర్మన్ గ్రంథంలోని నాగరికతలకు అమెరికా నేలలో సంఘానికి వెలుపలి పురావస్తు పండితులు అంగీకరించిన ఆధారం లేదు. నాహోమ్, హీబ్రూ కూర్పు వంటివి ఆలోచింపజేసే పోలికలే తప్ప రుజువులు కావు. ఆధారం ఎదురైన ప్రతిసారీ వెనక్కి జరిగింది ఎక్కువగా గ్రంథాల చారిత్రక అర్థమే. ఖండం ఒక ప్రాంతమైంది, ప్రధాన పూర్వీకులు పూర్వీకుల్లో కొందరయ్యారు, అనువాదం దర్శనమైంది. దేవుడు జవాబిచ్చాడని నమ్మేవారి అనుభవాన్ని ఏ తవ్వకమూ కొలవలేదు. ఆ అనుభవం కూడా హోర్ పాపిరస్ మీది అక్షరాలను మార్చలేదు. ఆ ముక్కలు ఇప్పుడు సాల్ట్ లేక్ సిటీలో సంఘం భద్రతలో ఉన్నాయి. వాటి ఛాయాచిత్రాలను సంఘమే అందరికీ అందుబాటులో ఉంచింది.